సూపు సరే, మామగారి రాత్రి భోజనం ఏది?

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ కాలనీ బయటపెట్టవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇంట్లో భర్త, మూడో తరగతి చదివే కూతురు, అత్తమామలు. మామగారు కళ్యాణదుర్గం వైపు పల్లెలో వేరుశనగ పండించిన రైతు. ఓపిక తగ్గాక పొలం కౌలుకిచ్చి, భార్యతో కలిసి పట్నంలో కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. దసరాకు ముందు మిగిలిన నాలుగు పళ్ళూ తీయించేశారు. చిగుళ్ళు మానితే గాని కట్టుడు పళ్ళు పెట్టరు. "ఉప్పు తగ్గించండి, కూరగాయలు పెంచండి, కొన్నాళ్ళు మెత్తటి తిండి పెట్టండి" అని డాక్టరు చెప్పారట. ఆ రోజు నుంచి ఈవిడ బడి నుంచి రాగానే కొంగు దోపుకుని సూపు మొదలుపెడుతున్నారు. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, చిక్కదనానికి మొక్కజొన్న పిండి, పైన మిరియాల పొడి. రాత్రికి మామగారి భోజనం అదే.

సూపు కుదరడం లేదు. ఒకనాడు నీళ్ళలో ముక్కలు తేలుతున్నట్టు ఉంటుంది, ఇంకోనాడు జిగురుగా గరిటెకు అంటుకుంటుంది. పాలకూర వేస్తే రంగు చెడుతోంది. మామగారు రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకు జరుపుతారు, పెదవి విప్పి ఏమీ అనరు. కూతురు ముట్టదు. ఈ గొడవంతా ఎందుకని భర్త సూపు పొడి ప్యాకెట్లు తెచ్చి పడేశారు. కూతురికి అవి తెగ నచ్చాయి. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. కార్తీకమాసంలో ఆవిడ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఆ గిన్నె పొయ్యి మీద ఉన్నంతసేపూ వంటింటి గడప తొక్కడం మానేశారు. ఒక సాయంత్రం పక్కింటివాళ్ళు కూర్చుని ఉండగా, "మా గేదెకు పోసిన కుడితి ఇంతకన్నా చిక్కగా ఉండేది" అన్నారు. ఇది చాలదన్నట్టు, ఈ మధ్య రెండుసార్లు మామగారు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణుకుతూ లేచారట. అత్తగారు బెల్లం ముక్క నోట్లో పెట్టి, "ముసలాయన కడుపు మాడుస్తున్నారు" అని ఏడ్చారట.

"ఆయన మేలు కోరి చేస్తున్న పనికి నాకు ఈ నింద ఏమిటి? సూపు మానేయాలా, ఎవరేమన్నా పట్టించుకోకుండా కొనసాగించాలా? అసలు దాన్ని రుచిగా చేయడం ఎలా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

మీరు అడిగిన వరుసలో జవాబు చెప్పను. మీరు నిందల జాబితాలో చేర్చి వదిలేసిన ఆ చెమటల సంగతి ముందు తేల్చుకోవాలి.

షుగరు మందు వేసుకునే మనిషి అన్నమో సంగటో తినకుండా రెండు చెంచాల కూరగాయల నీళ్ళతో పడుకున్నా, వేసుకున్న మందు తన పని తాను చేసుకుపోతుంది. అన్ని మాత్రలతోనూ ఇలా జరగదు. కొన్ని రకాల మాత్రలతో, ఇన్సులిన్‌తో జరుగుతుంది. రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి దిగితే చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మొదలవుతాయి. మామగారికి జరిగింది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను గాని, మీరు రాసిన లక్షణాలు దానికి అచ్చంగా సరిపోతున్నాయి. ఇది చదివిన వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారు, రాత్రి ఎంత తింటున్నారు, చెమటలు ఎన్ని గంటలకు పట్టాయి, బెల్లం తిన్నాక ఎంతసేపటికి తేరుకున్నారు, ఇవన్నీ చెప్పండి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. గ్లూకోమీటరు లేకపోతే కొనండి. మళ్ళీ అలా లేస్తే వేలు గుచ్చి చూసి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. కుదుటపడ్డాక కాస్త ఏదైనా తినిపించాలి. పిలిస్తే పలకని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మీ అత్తగారి మాటలన్నిటిలో మీకు ఎక్కువగా గుచ్చుకున్నది ఆ కడుపు మాడ్చడం అన్న మాటే. కటువుగా అన్నారు, నిజమే. కానీ ఆయన ఆకలి ఎంతో తెలిసిన మనిషి అన్నారు. పొలం పనికి వెళ్ళే మనిషికి ఇన్నేళ్ళు ముద్ద పెట్టిన చేయి ఆవిడది. మీరు కావాలని మాడ్చారని నేను అనను. సూపుకు భోజనం హోదా ఇచ్చేశారు, చిక్కు అక్కడ వచ్చింది.

మీ ఉత్తరాన్ని మళ్ళీ చదివాను. డాక్టరు మాటల్లో ఎక్కడా సూపు లేదు. ఉప్పు తగ్గించమన్నారు, కూరగాయలు పెంచమన్నారు, మెత్తగా పెట్టమన్నారు. ఈ మూడింటికీ సూపు ఒక్కటే మార్గమని మీరు అనుకున్నారు. పళ్ళు లేని మనిషికి మీ జిల్లాలో తరతరాలుగా ఉన్న మెత్తటి తిండి రాగి సంగటి. దాన్ని ఎవరూ నమలరు. ముద్ద తుంచి, పప్పులో దొర్లించి, మింగుతారు. మామగారు మీ గిన్నె పక్కకు జరిపి ఎదురుచూసింది దానికోసమే అయి ఉండవచ్చు. షుగరు ఉంది కాబట్టి ముద్ద ఎంత పెద్దదన్నది డాక్టరునో, పోషకాహార నిపుణులనో అడిగి ఖాయం చేసుకోండి. అసలు లేకుండా చేయడం మాత్రం పరిష్కారం కాదు.

ఉప్పు లెక్క కూడా ఇలాంటిదే. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీ చెంచా కూడా నిండదు. మీరు సాయంత్రం సూపులో చిటికెడు తగ్గించి, పొద్దున ఊరగాయ, మధ్యాహ్నం ఊరుబిండి, మజ్జిగలోకి ఊరమిరపకాయ మామూలుగా నడిస్తే తగ్గిందేమీ లేదు. ఆ జాడీలు అత్తగారి చేతిలో ఉన్నాయి. ఆవిడతో వైరం పెట్టుకుని ఆ ఇంట్లో ఉప్పు తగ్గించడం జరిగే పని కాదు.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

సూపు పూర్తిగా మానేయవచ్చు. రేపటి నుంచే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అత్తగారు పప్పు, కూర ఇంకాస్త మెత్తగా ఉడికించి, ఉప్పు చెంచాతో కొలిచి వేయడానికి ఒప్పుకుంటే మామగారికి లోటేమీ ఉండదు, మీకూ సాయంత్రాలు మిగులుతాయి. ఒప్పుకోకపోతే బీపీ మొదటికి వస్తుంది. ఓడిపోయానన్న బాధతో మానేస్తే అది మీ మనసులో ఉండిపోయి, ఇంకో రోజు ఇంకో గిన్నె దగ్గర బయటపడుతుంది. అలా కాకుండా, అవసరం లేదని తోచి మానేస్తే మంచిదే.

ఎవరేమన్నా మామగారికి వేరే గిన్నె పెట్టి కొనసాగించవచ్చు. దీన్ని నేను మెచ్చను. అందరూ ఒకటి తింటుంటే ఆయన ముందు మాత్రం వేరేది పెడితే, జీవితమంతా నలుగురికి అన్నం పెట్టిన మనిషిని తన ఇంట్లోనే రోగిని చేసినట్టు అవుతుంది. ఆయన నోరు మెదపకపోవడాన్ని అంగీకారం అనుకోకండి. మీకు రోజూ రెండు వంటలు. పరీక్షల పేపర్లు దిద్దే వారం వచ్చేసరికి ఆ ప్యాకెట్ చించక తప్పదు.

మూడో దారి, సూపును అందరి భోజనంలో ఒక పక్క వంటకంగా దింపడం. సంగటి ముద్ద ఉంటుంది, పప్పు ఉంటుంది, సూపు ఒక గిన్నెడు ఉంటుంది. దాని తాలింపు అత్తగారికి అప్పగించండి. ఆవిడ వండే ఉలవకట్టు గుర్తుందా? ఉలవలు నానబెట్టి, ఉడికించి, వార్చిన ఆ కట్టులో గుమ్మడి ముక్కలు, ములక్కాడ వేసి మెత్తగా చేస్తే మీరు ఫోనులో చూసిన ఏ సూపూ దాని ముందు నిలవదు. కందిపప్పు కట్టుతోనూ చేయవచ్చు. ములక్కాడ గుజ్జు మాత్రం చెంచాతో గీసి వేయండి, పీచు ఆయన చిగుళ్ళకు పడదు. ఈ దారికి కూడా మూల్యం ఉంది. పేరు మీకు రాదు. "మా కట్టునే సూపు అంటోంది మా కోడలు" అని అదే పక్కింటివాళ్ళ ముందు ఆవిడ చెప్పుకుంటారు. చింతపండు, ఉప్పు ఆవిడ చేతి అలవాటు ప్రకారం పడతాయి, ఉప్పు దగ్గర మీరు కనిపెట్టుకుని ఉండాలి. ఇవి భరించగలరో లేదో మీరే చూసుకోండి.

ఏ దారి పట్టినా, సూపు వండే పక్షంలో కుదిరేలా వండండి. మీది ఎందుకు కుదరడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది. అన్నీ ఒకేసారి నీళ్ళలో పోసి ఉడికిస్తున్నారు. ఉడికిన వాసన తప్ప దానికి రుచి ఎక్కడి నుంచి వస్తుంది? హోటలు సూపుకు ఆ రుచి వెన్న, అజినోమోటో, ధారాళంగా వేసే ఉప్పు వల్ల వస్తుంది. అవి లేకుండా రుచి రావాలంటే మూకుడులోనే తెచ్చుకోవాలి.

కూరగాయలు కూడా ఈ కాలానివి తీసుకోండి. క్యారెట్, క్యాబేజీ చలి ముదిరాక రుచికి వస్తాయి. ఇప్పుడు వానలకు పాకిన తీగల కాయల కాలం. రైతు బజారులో ధరల బోర్డు చూడండి, దేని ధర దిగి ఉందో దానిది ఆ వారం అన్నమాట. ఎర్ర గుమ్మడి, సొర, బీర ఇప్పుడు లేతగా వస్తాయి, ఇంకొన్నాళ్ళకు చిక్కుడు అందుకుంటుంది. ఊరి పక్కనే కక్కలపల్లి మండీ ఉంది, ధర ఎంత ఊగినా టమాటా దొరకని రోజు ఉండదు. సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషపదార్థం, ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది. బీర, దోస జాతి కాయలన్నిటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

నలుగురైదుగురికి పావుకిలో గుమ్మడి, పావుకిలో సొర లేదా బీర, రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ, గుప్పెడు పెసరపప్పు, లీటరు నీళ్ళు చాలు. రెండు చెంచాల నూనెలో జీలకర్ర వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను చిన్న మంట మీద తీరిగ్గా వేయించండి. తొందరపడకండి, సగం రుచి ఇక్కడే ఉంది. పచ్చివాసన పోయి, ముక్క గాజులా మారి, అంచులు బంగారు రంగుకు తిరిగి, తీపి వాసన రావాలి. అప్పుడు గుమ్మడి ముక్కలు వేసి ఒక పక్క ఎర్రబడేదాకా కదపకుండా వదిలేయండి. గరిటెతో గీస్తే మూకుడు అడుగున గోధుమ రంగు పొర కనిపిస్తుంది. దాని మీద కాసిని నీళ్ళు చల్లి గీకి అందులోనే కలిపేయండి, మాడనివ్వకండి. తర్వాత సొర, పెసరపప్పు, నీళ్ళు పోసి కుక్కరులో మెత్తగా ఉడికించండి. నీళ్ళు తాగేవే పోయండి. బోరు నీళ్ళ ఉప్పదనానికి పప్పు, ముక్కలు త్వరగా ఉడకవు, ఆ సంగతి అనంతపురం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

టమాటా విడిగా మగ్గబెట్టి, ముక్కలు ఉడికాకే కలపండి. పులుపు ముందే పడితే ముక్క మెత్తబడదు. పాలకూర రంగు చెడిపోవడానికి కూడా పులుపు, ఎక్కువసేపు ఉడకడం, మూత పెట్టడమే కారణాలు. ఆకు సన్నగా తరిగి, దించే ముందు రెండు మూడు నిమిషాలు మూత లేకుండా ఉడకనిస్తే చాలు.

చిక్కదనానికి మొక్కజొన్న పిండి వద్దు. అది పిండిపదార్థం, చక్కెర పెంచుతుంది, రుచేమీ ఇవ్వదు. ఉడికిన పెసరపప్పు, గుమ్మడి రెండూ పప్పుగుత్తితో మెదిపితే చిక్కదనం దానంతటదే వస్తుంది. ఇంకా కావాలంటే కొత్త వేరుశనగ ఇళ్ళకు చేరే రోజులు కదా, వేయించి పొట్టు తీసిన గింజల పొడి రెండు చెంచాలు కలపండి. మామగారి నోటికి అది సొంత పొలం రుచి, పైగా ఆ వయసులో కావలసిన మాంసకృత్తులూ అందులో ఉన్నాయి. మిక్సీలో తిప్పితే మాత్రం చల్లారాకే తిప్పండి. పొగలు కక్కే సూపు పోసి మూత బిగిస్తే ఆవిరికి ఎగిరి చేతులు కాలుతాయి. వడకట్టడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు, షుగరు ఉన్నవాళ్ళకు పనికొచ్చే పీచంతా జల్లెడలో ఉండిపోతుంది.

ఉప్పు అన్నిటికన్నా చివర, మొత్తం గిన్నెకు అర టీ చెంచా. దంచిన మిరియాలు, నిమ్మరసం నాలుగు చుక్కలు పడితే ఉప్పు తగ్గిందని నాలుక గుర్తుపట్టదు. తక్కువ సోడియం ఉప్పు అని అంగట్లో దొరుకుతుంది గాని, అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకు అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనకండి.

కార్తీకం పోయేదాకా ఉల్లి, వెల్లుల్లి తీసేయండి. వాటి బదులు అల్లం, ఇంగువ, కొత్తిమీర కాడలు, ఆ వేరుశనగ పొడి సరిపోతాయి. అత్తగారు వంటింట్లోకి రాకపోవడానికి కారణం మీ సూపు మీద కోపం ఒక్కటే కాదేమో. వ్రతంలో ఉన్న మనిషి ఆ వాసనకు దూరంగా ఉన్నారు. మీరు దాన్ని అలక కింద జమకట్టారు. ఉల్లి లేని గిన్నె పొయ్యి మీద ఉన్న రోజున ఆవిడ వస్తారో రారో చూడండి.

కుడితి మాట సంగతి. నలుగురి ముందు అనడం తప్పు, దాన్ని నేను వెనకేసుకురాను. మీరు ఊరుకోవచ్చు. ఊరుకుంటే మళ్ళీ అనే అవకాశం ఉంది. భర్త చేత చెప్పించవచ్చు. అప్పుడది కోడలు కొడుక్కి చాడీలు చెప్పడంగా మారుతుంది. నా మట్టుకు, మీరు, ఆవిడ ఇద్దరే ఉన్న వేళ, "అత్తయ్యా, రుచి లేదంటే సరిచేసుకుంటాను, పక్కింటివాళ్ళ ముందు అలా అంటే నాకు తల కొట్టేసినట్టయింది" అని చెప్పడమే మేలనిపిస్తుంది. చెమటల విషయంలో ఆవిడ అన్నది సరిగ్గానే ఉందని, డాక్టరును అడిగానని అదే నోటితో చెప్పండి. రెండో మాట చెబితే మొదటిది ఆవిడ వినే వీలుంటుంది.

మీ భర్తకు కూడా కొంత పని పంచండి. తండ్రి గ్లూకోమీటరు చూడటం, డాక్టరుకు ఫోను చేయడం, ఉప్పు గురించి తల్లికి చెప్పడం కొడుకు చేయాల్సిన పనులు. ప్యాకెట్లు తెచ్చి పక్కకు తప్పుకోవడం సాయం కిందికి రాదు. ఆ ప్యాకెట్ వెనక సోడియం అని ఒక అంకె ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఎంత ఉప్పో తేలుతుంది. ఆ లెక్క ఆయన చేతే వేయించండి. పాపకు ఒక్కసారిగా మాన్పించకండి, ఏడ్చి సాధించుకుంటుంది. వారంలో ఒక రోజుకు తగ్గించి, మిగతా రోజుల్లో మీ సూపులో ఉడికించిన వేరుశనగ గింజలు, నేతిలో వేయించిన రొట్టె ముక్కలు నాలుగు వేసి ఇవ్వండి. మూడో తరగతి పిల్లలకు గిన్నెలో ఏరుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

రోజూ సాయంత్రం చేయాల్సిన పనీ లేదు. ఆదివారం ఉప్పు, పులుపు, ఆకుకూర లేకుండా ముద్దగా చేసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. కావలసినంత తీసి మరిగించి, మిగతావి అప్పుడు కలుపుకోండి.

కట్టుడు పళ్ళు పెట్టాక మొదట్లో కొన్నాళ్ళు మెత్తటిదే తినమంటారు, తర్వాత చిన్న ముక్కలు అలవాటు చేయాలి. అప్పుడు మామగారికి సూపు అక్కర్లేకపోవచ్చు. మీకు, పాపకు నచ్చి ఉంటే వండుకోండి, లేకపోతే ఆ గుమ్మడికాయ అత్తగారికిచ్చి పులుసు పెట్టమనండి.